రెండోసారి తలుపు తట్టేందుకు చేసిన డిజైన్: పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి మీద హైదరాబాద్‌లో ఒక దీర్ఘకాల అధ్యయనం

మా చేతికి వచ్చిన మొదటి ప్రతిపాదన ఇదీ: 60 దాటినవాళ్లు 600 మంది, ఏడాదికోసారి చొప్పున మూడు దఫాల పరీక్షలు, అందరికీ ఎంఆర్ఐ. సికింద్రాబాద్ వైపు కొన్ని బస్తీలు, వాటిని ఆనుకుని ఒక పాత ఉద్యోగుల కాలనీ, ఇంకాస్త అవతల కొత్త అపార్ట్‌మెంట్లు. వయసు పెరిగేకొద్దీ జ్ఞాపకశక్తి ఎంత వేగంగా తగ్గుతోంది, బీపీ, షుగరు, వినికిడి, చదువు ఆ వేగాన్ని ఎలా మారుస్తున్నాయి అన్నది ప్రశ్న. ప్రశ్నకు వంక పెట్టేదేమీ లేదు. బడ్జెట్ చూస్తే మాత్రం సగానికి పైగా మొదటి ఏడాదిలోనే ఖర్చయిపోతోంది. రెండో దఫాకి మనిషిని వెతికి పట్టుకోవడానికి ఒక్క పద్దు కూడా లేదు.

నేను చూసేది డిజైన్, లెక్కలు. జట్టులో ఒక న్యూరాలజిస్ట్, ఇద్దరు సైకాలజిస్టులు, ఈ బస్తీల్లో ఏళ్లుగా ఆరోగ్య సర్వేలు నడిపిన ఒక ఫీల్డ్ సూపర్‌వైజర్ ఉన్నారు. కింద రాసినవాటిలో పనికొచ్చే మాటలు చాలావరకు ఆవిడవే. చివరికి ఏ డిజైన్‌కి వచ్చాం, దేన్ని ఎందుకు వదులుకున్నాం అన్నది రాస్తున్నాను. మనుషుల వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

ఒక్కసారి కొలిస్తే తెలియనిది

పెద్దవాళ్ల మీద మన దేశంలో సమాచారమే లేదనే రోజులు పోయాయి. లాసీ అని పిలిచే జాతీయ వృద్ధాప్య అధ్యయనం 2017-18 మొదటి దఫాలో 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేలకు పైగా మనుషుల్ని కలిసింది. దానికి అనుబంధంగా 60 దాటిన నాలుగు వేల మందికి పైగా లోతైన జ్ఞాపకశక్తి పరీక్షలు చేశారు. వాటి ఆధారంగా 2023లో వచ్చిన అంచనా ప్రకారం 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా (రోజువారీ పనులకి అడ్డొచ్చే మతిమరుపు జబ్బు) ఉంది, అంటే దాదాపు 88 లక్షల మంది. ఎంతమందికి ఉంది అన్నదానికి అది జవాబు. ఎవరు ఎంత వేగంగా జారుతున్నారో చెప్పాలంటే అదే మనిషిని మళ్లీ మళ్లీ కొలవాలి.

78 ఏళ్లావిడ మార్కులు, 62 ఏళ్లావిడ మార్కులు పక్కపక్కన పెట్టి తేడా అంతా వయసు వల్లే అనేస్తే తప్పు. మా బస్తీల్లో 78 ఏళ్లావిడ బడి గడప తొక్కి ఉండదు. 62 ఏళ్లావిడ ఐదో తరగతైనా చదివి ఉంటుంది. వాళ్ల మధ్య పదహారేళ్లే కాదు, ఒక బడి కూడా ఉంది. అమెరికాలో వార్నర్ షాయ్ 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం ఈ చిక్కునే బయటపెట్టింది. ఏడేళ్లకోసారి పాతవాళ్లను మళ్లీ పరీక్షిస్తూ, ప్రతిసారీ కొత్తవాళ్లను కూడా చేర్చుకుంటూ పోయాడాయన. ఒక్కసారి కొలిచి వేర్వేరు వయసులవాళ్లను పోల్చితే కనిపించే పతనం, అదే మనుషుల్ని ఏళ్ల తరబడి చూస్తే కనిపించేదానికంటే చాలా ముందుగా మొదలైనట్టు, చాలా ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

మన ఊరికే ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉంది. నిమ్స్‌లో మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులతో సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక పేపర్ వేసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందన్నది దాని సారాంశం. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, పనిలో హిందీ మాట్లాడే ఊరు కాబట్టే ఆ ప్రశ్న ఇక్కడ అడగడం కుదిరింది. అయితే అది క్లినిక్ దాకా రాగలిగిన రోగుల లెక్క. జబ్బు రాకముందు నుంచీ బస్తీలో మనుషుల్ని గమనిస్తూ వస్తే ఆ తేడా నిలుస్తుందా లేదా అన్నది వేరే డిజైన్ అడుగుతుంది.

ఏళ్ల తర్వాత మనుషుల్ని మళ్లీ పట్టుకోవడం మనవల్ల కాదులే అన్న మాట మీటింగ్‌లో వచ్చింది. దానికి జవాబు మన పొరుగునే ఉంది. 1987-90లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాలు తీసుకుని, వాటిలో కొన్నిట్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి ఒక ట్రయల్ చేశారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థతో ముడిపడిన పని అది. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక వెతికారు, పెద్దయ్యాక మళ్లీ వెతికారు, తర్వాత తల్లిదండ్రుల్ని కూడా చేర్చుకున్నారు. మొదట్లో అలా అనుకోకపోయినా అది దీర్ఘకాల అధ్యయనంగా మారింది. బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో, బెంగళూరు నగరంలో 45 దాటినవాళ్ల మీద ఇలాంటివే నడుపుతోంది.

600 కంటే 500 ఎలా ఎక్కువైంది

మొదటి లెక్క సులువు. ప్రతి దఫాకీ 15 శాతం మంది మళ్లీ దొరక్కుండా జారిపోతారనుకుందాం. 600 కాస్తా 510, తర్వాత 434, తర్వాత 369. నగరంలో అద్దె ఇళ్ల మధ్య చేసే పనికి ఇదేమీ అతిశయోక్తి కాదు. అదే 500 మందితో మొదలుపెట్టి, వెతుకులాటకి డబ్బు పెట్టి, జారుడుని 8 శాతానికి ఆపితే 460, 423, 389. అంటే వంద మంది తక్కువతో మొదలుపెట్టినా నాలుగో దఫాకి ఇరవై మంది ఎక్కువ మిగులుతారు. పైగా మిగిలినవాళ్లలో పక్షపాతం తక్కువ. ఈ లెక్క బోర్డు మీద రాశాక ఎంఆర్ఐ గురించి వాదన సగం చల్లారింది.

రెండో లెక్క ఇంకా ముఖ్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒక మనిషి జ్ఞాపకశక్తి ఏ వేగంతో మారుతోందో అంచనా కట్టేటప్పుడు కొలత లోపం ఎంత గందరగోళం చేస్తుందన్నది పరీక్షల సంఖ్య మీద కంటే, అవి ఎంత కాలం మీద పరుచుకున్నాయన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ప్రతి పరీక్ష సగటు తేదీకి ఎన్నేళ్ల దూరంలో ఉందో తీసుకుని, వర్గం చేసి, కూడాలి. 0, 1, 2 ఏళ్లలో మూడు పరీక్షలు చేస్తే ఆ మొత్తం 2. అవే మూడు పరీక్షలు 0, 2, 4 ఏళ్లలో చేస్తే 8. నాలుగోది ఆరో ఏట చేర్చితే 20. వేగం అంచనాలో కొలత లోపం వల్ల వచ్చే వేరియెన్స్, అంటే ఆ అంచనా ఎంత చెదురుతుందన్న కొలత, ఈ అంకెకి విలోమం. అంటే ఒక్క పరీక్ష అదనంగా పెట్టి, కాలాన్ని రెండేళ్ల నుంచి ఆరేళ్లకి సాగదీస్తే ఆ గందరగోళం పదో వంతుకి పడిపోతుంది. మనిషికీ మనిషికీ నిజంగా ఉండే తేడా దీనివల్ల తగ్గదు. తగ్గకూడదు కూడా, మనం చూడాలనుకునేదే అది.

రెండేళ్లకోసారి, నాలుగు దఫాలు, ఆరేళ్లు. దీనికి న్యూరాలజిస్ట్‌ని ఒప్పించడం కష్టమైంది. ఏడాదిలోపు జ్ఞాపకశక్తి వేగంగా జారేవాళ్లు మధ్యలో మిస్సవుతారని ఆయన భయం. న్యాయమైన భయమే. అందుకని మధ్యలో నాలుగు నెలలకోసారి ఫోన్ పెట్టాం. బాగున్నారా అని పలకరింపు, ఆసుపత్రిలో చేరారా, ఇల్లు మారారా, కింద పడ్డారా అని కొన్ని ప్రశ్నలు. ఇంట్లోవాళ్లు ఏదైనా మార్పు చెబితే సైకాలజిస్ట్ ఇంటికి వెళ్తారు.

ఇంకొకటి చేర్చాం. 120 మందికి ప్రతి దఫాలోనూ వారంలోపే రెండుసార్లు పరీక్ష. ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా, షుగరు పడిపోయినా, పొద్దున్నే కొడుకుతో గొడవైనా మార్కులు తగ్గుతాయి. ఆ రోజువారీ ఊగిసలాట ఎంతో తెలియకపోతే రెండేళ్ల తర్వాత కనిపించిన తగ్గుదల నిజమో, ఆ రోజు బాగాలేకో చెప్పలేం. డబ్బు చాలక అందరికీ చేయలేదు.

ఎవరు, ఎక్కడికి పోతారు

జారిపోయేవాళ్లు లాటరీ తీసినట్టు జారిపోరు. మతిమరుపు మొదలైనవాళ్లే అపాయింట్‌మెంట్ మర్చిపోతారు, ఆరోగ్యం చెడినవాళ్లే కొడుకు దగ్గరికి మారతారు. మిగిలినవాళ్లను మాత్రమే కొలిస్తే మన బస్తీలో అందరి బుర్రా భేషుగ్గా ఉందని పేపర్ రాసుకోవచ్చు. దీన్ని సరిచేసే గణాంక పద్ధతులు, మిక్స్‌డ్ మోడల్స్, డ్రాపౌట్‌ని (మధ్యలో జారిపోవడాన్ని) కలిపి లెక్కించే జాయింట్ మోడల్స్ ఉన్నాయి. అవి వాడతాం కూడా. కానీ ఎందుకు పోయారో రాసిపెట్టుకోకపోతే ఏ మోడలూ ఏమీ చేయలేదు.

హైదరాబాద్‌లో పెద్దవాళ్లు మాయమయ్యే దారులు ఇంటిని బట్టి వేరు. బస్తీలో వంతులు. నాలుగు నెలలు పెద్ద కొడుకు దగ్గర, నాలుగు నెలలు చిన్నవాడి దగ్గర, మిగతాది ఊళ్లో. అద్దె పెరిగితే గల్లీ మారతారు, నంబర్ మారుతుంది. డబుల్ బెడ్‌రూం ఇల్లు వస్తే ఊరి అంచుకే వెళ్లిపోతారు. 2023లో ప్రారంభించిన కొల్లూరు కాలనీ ఒక్కటే 15,660 ఇళ్లు. సికింద్రాబాద్ బస్తీ నుంచి కొల్లూరు వెళ్లిన అవ్వని కలవడానికి ఫీల్డ్ వర్కర్‌కి ఒక పూట పడుతుంది. ఆ పూట బడ్జెట్‌లో కనపడాలి.

అపార్ట్‌మెంట్లలో సమస్య వీసా. అమ్మాయికి పురుడు, అబ్బాయికి కొత్త ఇల్లు, మొత్తానికి ఆరు నెలలు అమెరికా. వీడియో కాల్‌లో పరీక్ష చేసేద్దామని ఒకరు సూచించారు. నేను ఒప్పుకోలేదు. స్క్రీన్ మీద పరీక్ష వేరే పరీక్ష. మొదటిసారి ఎదురుగా కూర్చుని, రెండోసారి న్యూజెర్సీ నుంచి చేస్తే టేపు మార్చి గుడ్డ కొలిచినట్టే. దాని బదులు ప్రతి మనిషి గడువుకీ అటు నాలుగు నెలలు, ఇటు నాలుగు నెలలు వెసులుబాటు పెట్టి, ప్రయాణం తేదీలు ఫోన్ పలకరింపులోనే కనుక్కుంటున్నాం.

చేర్చుకునే రోజునే ఇంటి బయటివాళ్లవి మూడు నంబర్లు తీసుకుంటాం. ఒకటి సొంతూరిలో, ఒకటి ఇంకో కొడుకు లేదా కూతురు ఇంట్లో, ఒకటి వీధిలో. వీధి నంబర్ ఎవరిదన్నది సూపర్‌వైజర్ ఇష్టం. కిరాణా కొట్టు, పాస్టర్, మసీదు కమిటీ మనిషి, ఇస్త్రీ బండి అతను, ఎవరైనా. నా స్ప్రెడ్‌షీట్‌లో ఆ కాలమ్‌కి "ఇతరులు" అని పేరు. అన్నిటికంటే ఎక్కువ మందిని పట్టిచ్చేది అదే.

అప్పటికీ రాలేనివాళ్లకు మెట్లు పెట్టాం. పూర్తి పరీక్ష కుదరకపోతే ఇంట్లోనే చిన్న పరీక్ష. అదీ కాకపోతే ఫోన్‌లో పది నిమిషాల పరీక్ష. మనిషి జవాబు చెప్పే స్థితిలో లేకపోతే ఇంట్లోవాళ్లతో ముఖాముఖి. చనిపోతే, ఎప్పుడు, ఎలా అన్నది కుటుంబాన్ని అడిగి రాసుకునే వెర్బల్ అటాప్సీ. చావుని డ్రాపౌట్ ఖాతాలో వేయకూడదు, అది వేరే ఫలితం. ఆ ఇంటికి వెళ్లేది దినాలు అయ్యాకే, ముస్లిం ఇళ్లయితే నలభయ్యో రోజు దాటాకే. ప్రోటోకాల్‌లో ఇది రాతపూర్వకంగా ఉంది.

ఇంకో చిన్న విషయం: ఎక్కడా "సర్వే" అనొద్దని ఫీల్డ్ వాళ్లకి చెప్పాం. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే, 2024 చివర్లో జరిగిన కులగణన తర్వాత ఆ మాట వింటే జనం రేషన్ కార్డు, ఆధార్ కట్ట పట్టుకొచ్చి ముందు పెడతారు. పింఛన్ కోసం అనుకుంటే ఆరోగ్యం ఉన్నదానికంటే అధ్వానంగా చెబుతారు, ఇల్లు కోసం అనుకుంటే కుటుంబసభ్యుల లెక్క మారుతుంది.

వయసెంత?

వయసే తెలియకపోతే వయసుతో వచ్చే మార్పు ఎలా కొలుస్తాం? ఆధార్‌లో ఒకే వీధిలో పదిమందికి జనవరి 1 పుట్టినరోజు. పింఛన్‌కి రాయించిన వయసు ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి. నోటితో అడిగితే అందరూ 60, 65, 70.

అందుకని సంఘటనల క్యాలెండర్ తయారుచేశాం. బాగా పనిచేసింది సంపూర్ణ సూర్యగ్రహణం, 1980 ఫిబ్రవరి 16. ఆ రోజు హైదరాబాద్ రోడ్లు ఖాళీ, జనం తలుపులేసుకుని కూర్చున్నారు. ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లు దాన్ని మర్చిపోరు. "పట్టపగలు చీకటైన దినం మీకు పెళ్లయిందా? పెద్ద బిడ్డ పుట్టిందా? ఎత్తుకునేంతనా, నడిచేంతనా?" అని అడుగుతూ పోతే రెండు మూడేళ్ల తేడాలోకి వచ్చేయొచ్చు. 1969 ఉద్యమంలో బడులు మూతపడటం ఇంకో గుర్తు. కోస్తా నుంచి వచ్చినవాళ్లకి 1977 నవంబర్ ఉప్పెన. బాగా పెద్దవాళ్లకి పోలీస్ యాక్షన్, అప్పుడు పుట్టారా లేదా అన్నంత వరకే. ప్రతి వయసు పక్కనా అది ఎంత నమ్మకమైనదో మూడు స్థాయిల్లో గుర్తు పెట్టి, విశ్లేషణలో ఆ అనిశ్చితిని కూడా కలుపుతాం.

ఒకే గదిలో పరీక్ష

జ్ఞాపకశక్తి పరీక్షలు చాలావరకు బడికి వెళ్లినవాళ్లు, బడికి వెళ్లినవాళ్ల కోసం తయారుచేసినవి. వంద నుంచి ఏడేడు తీసేస్తూ రమ్మంటే కాలనీలో రిటైర్డ్ గుమాస్తా గడగడా చెప్పేస్తారు. పక్క బస్తీలో జీవితమంతా కూరగాయలమ్మిన ఆవిడ నోరు మెదపరు, చిల్లర లెక్క అడిగితే మాత్రం ఆయనకంటే ముందు చెబుతారు. 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని పెద్దవాళ్ల కోసం ఎంఎంఎస్ఈ అనే చిన్న జ్ఞాపకశక్తి పరీక్షని హిందీలోకి మార్చినప్పుడే ఈ బాధ బయటపడింది. ఇప్పుడు మనకి తెలుగులో సరిచూసిన పరికరాలున్నాయి. జాతీయ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ పరీక్షల టూల్‌బాక్స్ తెలుగులో ఉంది, ఆడెన్‌బ్రూక్స్ పరీక్షకి తెలుగు రూపం ఉంది. మేం వాటినే ఆధారంగా తీసుకున్నాం. అక్షరంతో మొదలయ్యే పదాలు చెప్పమనే అంశం తీసేసి, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెబుతారన్నది ఉంచాం. పెన్సిల్ పట్టనివాళ్లకి బొమ్మ గీయడం బదులు అగ్గిపుల్లలతో ఆకారం పేర్చడం.

ముందస్తుగా చేసి చూసిన పైలట్‌లో ఒక మధ్యాహ్నం. అవ్వ మంచం మీద కూర్చుంది, మా ఫీల్డ్ వర్కర్ అమ్మాయి ఎదురుగా స్టూలు మీద. తలుపు దగ్గర మనవరాలు, వంటగట్టు దగ్గర కోడలు.

"అవ్వా, ఈ రోజు తారీఖు ఎంత?"

"తారీఖు నాకేం యాదుంటది బిడ్డా."

"నెల?"

"ఆషాఢం. లష్కర్ బోనాలు అయిపోయినయి, ఈ ఐతారం లాల్‌దర్వాజ."

"ఏ వారం ఈ రోజు?"

"శుక్రవారం నానమ్మా!" అని తలుపు దగ్గర్నుంచి మనవరాలు.

పాత స్కోరింగ్ ప్రకారం అవ్వకి తారీఖు సున్నా, నెల సున్నా, వారం ఒకటి. అసలు సంగతి తలకిందులు. ఏ బోనాలు అయ్యాయో, ఏవి రాబోతున్నాయో వరసతో సహా చెప్పిన మనిషికి కాలం మీద పట్టు గట్టిగానే ఉంది, వారం మాత్రం ఆవిడ చెప్పలేదు. మాన్యువల్ మార్చాం. తెలుగు నెల, హిజ్రీ నెల, పండగ వరస, ఏది సరిగ్గా చెప్పినా మార్కు. ఎలా చెప్పారన్నది వేరే కాలమ్‌లో. ఆరేళ్ల తర్వాత అదే అవ్వ బోనాల వరస తప్పితే అప్పుడు దానికి అర్థం ఉంటుంది.

మనవరాలిలా పక్క నుంచి జవాబు అందించేవాళ్ల సంగతి సూపర్‌వైజర్ తేల్చేసింది. వద్దని చెబితే ఎవరూ వినరు, పని అప్పగిస్తే వింటారు. ఎలాగూ ఇంట్లోవాళ్ల ముఖాముఖి చేయాలి కాబట్టి ఇద్దరు ఫీల్డ్ వర్కర్లు కలిసి వెళ్తారు. ఒకరు అవ్వతో, రెండోవారు అదే సమయంలో కోడలితో బయట అరుగు మీద. పిల్లలుంటే వాళ్ల ఎత్తు, బరువు చూసి కార్డు రాసిస్తారు. గది ఖాళీ.

ఇంట్లోవాళ్ల మాటలోనూ ఒక ఉచ్చు ఉంది. మొదటిసారి కోడలు చెబుతుంది: "అన్నీ మర్చిపోతది, స్టవ్ ఆపది." రెండేళ్ల తర్వాత కూతురు చెబుతుంది: "మా అమ్మకేం, బంగారంలా ఉంది." కాగితం మీద చూస్తే అవ్వ బాగుపడింది! చెప్పే మనిషి మారకూడదు, మారితే ఆ సంగతి డేటాలో కనపడాలి. ఎన్ని గంటలు కలిసి ఉంటారో కూడా రాస్తాం.

పదాల జాబితా రెండు సెకన్లకో పదం చొప్పున ముందే రికార్డు చేసిన గొంతుతో వినిపిస్తాం. ఫీల్డ్ వర్కర్లు మారినా గొంతు మారదు. ఆ పదాలేంటో ఇక్కడ రాయను, రాస్తే పరీక్షే పోతుంది. ఒక్కసారి విన్న జాబితా రెండేళ్ల తర్వాత కూడా కొంత సాయం చేస్తుంది, పరీక్ష అంటే ఉన్న టెన్షన్ తగ్గడం ఇంకొంత. ఈ ప్రాక్టీస్ ఎఫెక్ట్ నిజమైన తగ్గుదలని కప్పేస్తుంది. కష్టంలో సమానమైన నాలుగు జాబితాలు చేసి ఎవరికి ఏ వరసలో ఇవ్వాలో లాటరీతో తీశాం. అది చాలదు కాబట్టి షాయ్ పద్ధతిలో ప్రతి దఫాకీ అదే వయసు, అదే చదువు ఉన్న కొత్తవాళ్లని కొందర్ని చేరుస్తాం. పాతవాళ్లు వాళ్లకంటే ఎంత మెరుగ్గా చేశారన్నదాన్ని, జారిపోయినవాళ్ల ప్రభావం సరిచేశాక చూస్తే, అలవాటు వాటా అంచనాకి వస్తుంది.

భాష కూడా అంతే. మొదటి దఫాలో ఏ భాషలో చేశామో చివరి దాకా అదే. దక్కనీ, తెలుగు రెండూ సమానంగా మాట్లాడేవాళ్లు ఆ రోజు మూడ్‌ని బట్టి ఎంచుకుంటే కుదరదు. చిన్న ఉప సమూహానికి రెండు భాషల్లోనూ చేస్తున్నాం.

ఒళ్లు కొలవడం

బీపీ మూడుసార్లు చూసి చివరి రెండింటి సగటు తీసుకుంటాం. రక్తపరీక్షల్లో షుగరుతో పాటు హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్ తప్పనిసరి. బీ12 లోపం, థైరాయిడ్ మందగించడం మతిమరుపులా కనిపించొచ్చు, వాటికి మందుంది. రక్తహీనత ఉంటే మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అంకె తప్పుదారి పట్టించొచ్చు. మంగళ, శుక్రవారాలు రక్తం ఇవ్వం అన్నవాళ్ల కోసం వేరే రోజులు, రంజాన్‌లో పరగడుపు నమూనాలకి వేరే ఏర్పాటు.

నడక వేగానికి నాలుగు మీటర్ల దారి కావాలన్నారు. మా బస్తీ ఇళ్లలో నాలుగు మీటర్ల పొడుగు గది లేదు. గల్లీలో నడిపిస్తే బండ్లు, కుక్కలు, చూసే జనం. కాలనీలో మార్బుల్ హాలు. ఒకే పరీక్షకి రెండు నేలలు పనికిరావు. ఇంగ్లండ్, అమెరికా అధ్యయనాల్లో రెండున్నర మీటర్లకి అటూ ఇటూగా ఉన్న దారి వాడినవి ఉన్నాయి కాబట్టి అందరికీ రెండున్నర మీటర్లకి తగ్గించాం.

వినికిడి, చూపు గురించి ఎంత పట్టుబట్టినా తక్కువే. లాన్సెట్ వైద్య పత్రిక డిమెన్షియా మీద వేసిన కమిషన్ 2024లో మార్చదగిన 14 కారణాల జాబితా ఇస్తూ, సిద్ధాంతపరంగా 45 శాతం దాకా డిమెన్షియాని వాటితో నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమంది. వినికిడి ముందు నుంచీ అందులో ఉంది, చూపు, చెడు కొలెస్ట్రాల్ ఈసారి చేరాయి. మాకు మాత్రం అంతకంటే ముందున్న తలనొప్పి వేరు: పదం వినపడనివాళ్లకి పదం గుర్తుండదు. అందుకే పరీక్షకి ముందు అందరికీ వినికిడి చూసి, అవసరమైనవాళ్లకి హెడ్‌ఫోన్‌తో శబ్దం పెంచే చిన్న యంత్రం పెడతాం. రీడింగ్ గ్లాసులు ఇస్తే వెనక్కి తీసుకోం. రెండు దఫాల మధ్య శుక్లాలు తీయించుకున్నవాళ్ల బొమ్మల మార్కులు పెరుగుతాయి, అది మెదడు మెరుగుదల కాదు. ఆపరేషన్ తేదీ ప్రతి ఫోన్ కాల్‌లో అడుగుతాం.

ఎంఆర్ఐ చివరికి 100 మందికి, మొదటి, చివరి దఫాల్లో మాత్రమే.

ఒప్పుకోలు ఒక్క సంతకం కాదు

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం చదవడం రానివాళ్ల దగ్గర వేలిముద్రతో పాటు జట్టుకి సంబంధం లేని సాక్షి కావాలి. అంతవరకు అందరూ చేస్తారు. జ్ఞాపకశక్తి అధ్యయనంలో ఇంకో ప్రశ్న ఉంది: ఈ రోజు తెలిసి ఒప్పుకున్న మనిషి నాలుగేళ్ల తర్వాత ఆ ఒప్పుకోలు అర్థం చేసుకునే స్థితిలో ఉండకపోవచ్చు. అందుకని మొదటి రోజే అడుగుతాం, అలాంటి రోజు వస్తే మీ తరఫున ఎవరు చెప్పాలి, అప్పుడు మేం రావాలా వద్దా అని. ఈ ప్రశ్నకి మనసు నొచ్చుకుంటారని జట్టులో భయపడ్డారు. ఎక్కువమంది తేలిగ్గానే తీసుకున్నారు. ఒకావిడ ముగ్గురు కొడుకులు అక్కడే నిలబడి ఉండగా చిన్న కోడలి పేరు చెప్పింది. "మందులిచ్చేది ఆ పిల్లే" అంది. ఇలాంటివి చూశాక ఆ ప్రశ్న ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలని మార్చాం. తర్వాత ప్రతి దఫాలోనూ ఒప్పుకోలు కొత్తగా అడుగుతాం, మాట రానివాళ్లు చెయ్యి వెనక్కి తీసుకుంటే దాన్ని కాదన్నట్టుగానే చూస్తాం.

బీపీ 180/110 దాటితే ఆ రోజే బస్తీ దవాఖానాకో పెద్దాసుపత్రికో పంపాలి. ఇలా పంపిస్తూ పోతే మేం చూస్తున్నవాళ్ల ఆరోగ్యం మామూలు బస్తీ కంటే మెరుగవుతుంది, ఫలితాల్లో తేడా వస్తుంది. రానీ. బీపీ చూసి ఊరుకునే అధ్యయనం చేయడం మా వల్ల కాదు. ఎవరిని ఎక్కడికి పంపామో, వాళ్లు వెళ్లారో లేదో డేటాలో ఉంటుంది. మతిమరుపు మార్కులు మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పం. ఒక్క పరీక్షతో డిమెన్షియా అని తేల్చరు. మార్కులు, ఇంట్లోవాళ్ల మాట, రక్తపరీక్షలు అన్నీ ముగ్గురు వైద్యులు విడివిడిగా చూసి ఏకాభిప్రాయానికి వచ్చాకే కుటుంబంతో మాట్లాడేది.

నిధులిచ్చేవాళ్ల ప్రశ్న

సవరించిన డిజైన్ చూశాక వాళ్లు అడిగింది ఒక్కటే: మూడేళ్లకి మా బోర్డుకి ఏం చూపిస్తారు? రెండు దఫాలతో వేగం గ్రాఫ్ గీసి ఇవ్వడం కుదరదని రాసిచ్చాం. రెండు బిందువుల మధ్య గీతలో కొలత లోపం ఎంతో, నిజమైన మార్పు ఎంతో విడదీయలేం. ఆ లోపు ఇవ్వగలిగినవి వేరే ఉన్నాయి. మందు వేసుకోని బీపీ ఎంతమందిలో ఉంది, వినికిడి యంత్రం అవసరమై లేనివాళ్లు ఎంతమంది, బీ12 లోపం ఏ బస్తీలో ఎక్కువ, బోనాల క్యాలెండర్‌తో స్కోరు చేస్తే చదువురానివాళ్ల మార్కులు ఎంత మారాయి, వారంలోపు రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వస్తోంది. వాటితో పాటు ప్రతి ఆరు నెలలకీ ఒక పేజీ నివేదిక: ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఎక్కడికి వెళ్లారు, ఎవరి జాడ తెలియడం లేదు, ఆ జాడ తెలియనివాళ్ల మొదటి దఫా మార్కులు మిగతావాళ్లతో పోలిస్తే ఎలా ఉన్నాయి. ఆ పేజీలో జారుడు దఫాకి 8 శాతం దాటేలా కనిపిస్తే కొత్త పరీక్షలన్నీ ఆపి ఆ డబ్బు వెతుకులాటకి మళ్లించే అధికారం ఫీల్డ్ సూపర్‌వైజర్‌కి ఉండాలని షరతు పెట్టాం. కొంత గొణిగారు గానీ, ఆ షరతుతోనే సంతకం చేశారు.